మోకాలి కింద కాఫీ

దాడి నగారా మోగేలోపు దారి చూపే ద్రోహి చావాలి. కొండపెద్ద ఇచ్చిన ఆర్డర్ అంతే. వాడి పేరు తెలియదు, మొహం తెలియదు. టైం మాత్రం అరగంట ఉంది.

అల్బేనియా కొండల కింద పాషా డేరా దగ్గర, కాఫీ కాచే నౌకరు సలీగా వేషం వేసుకున్న ఏజెంట్ ప్రెంగ్‌కి చెమటలు పడుతున్నాయి. కొండ మగవాళ్లంతా ముందు కనుమలో కాపు కాశారు. ఆడవాళ్లూ పిల్లలూ వెనక గుహలో దాక్కున్నారు. ఆ గుహకి ఒక్కటే మేకల దారి, అది కొండవాళ్లకే తెలుసు. ఆ దారిన పాషా సిపాయిలు ఎక్కారంటే ఇంకేముంది, ఒక్కరు మిగలరు. అందులో ప్రెంగ్ చెల్లెలు ద్రానే ఉంది, దాని పదిరోజుల పసిగుడ్డు ఉంది.

డేరా వెనక గాజులు గలగలమన్నాయి. పాషా గాయని జరీఫే! ఇటు కబురు అటూ, అటు కబురు ఇటూ చేరవేసే డబుల్ ఏజెంట్.

“లోపల ముగ్గురున్నారు. ఇద్దరు నిజం వ్యాపారులు, ఒకడు మీ కొండవాడు. ఎవరూ పోల్చుకోకుండా ముగ్గురికీ పట్నం బట్టలే వేయించాడు పాషా.”

“మావాడెవడు?”

“నాకేం తెలుసు? ముగ్గురూ నన్నే చూస్తున్నారు.”

“నిన్ను నమ్మొచ్చా?”

“నమ్మకు. వేరే దిక్కుంటే చూసుకో.”

దిక్కు లేదు. పళ్లెం పట్టుకుని జరీఫే వెనకే లోపలికి నడిచాడు. పాషాకి అటూ ఇటూ ఇద్దరు కాపలావాళ్లు, ఎదురుగా ఆ ముగ్గురు. తప్పు మనిషిని పొడిచాడా, అసలువాడు మిగిలిపోతాడు. దేవుడా, ఎలా?

అప్పుడు తట్టింది. అన్నను చంపినవాడి మీద పగ తీర్చుకోని పిరికివాడికి కొండల్లో కప్పు చేతికివ్వరు, మోకాలి కిందనుంచి అందిస్తారు. అంతకంటే చావు నయం. పట్నంవాళ్లకి ఈ సంగతి ఒక్క ముక్క తెలియదు.

మొదటివాడి ముందు ఎడమకాలు ఎత్తి, మోకాలి కిందనుంచి కప్పు చాపాడు.

“వీడికి నడుం పట్టిందిరోయ్!” వాడు పకపకా నవ్వి తాగాడు.

రెండోవాడి కళ్లు జరీఫే మీదున్నాయి. చూడకుండానే అందుకున్నాడు. బయట నగారా మీద మొదటి దెబ్బ పడింది.

మూడోవాడి మొహం జేవురించింది.

“నాకా? మోకాలి కిందనుంచి నాకా? నీ అంతు చూస్తానుండరా!” కొండ యాసలో అరుస్తూ నడుంలో దాచిన పిస్తోలు లాగాడు. సొంతవాళ్లనే అమ్ముకున్నాడు గానీ పౌరుషం చంపుకోలేకపోయాడు, వెధవ! గుండు ప్రెంగ్ చెవి గీరుకుంటూ వెళ్లి పాషా తలపాగాని ఎగరగొట్టింది. పాషా మీదే హత్యాయత్నం అనుకున్న కాపలావాళ్ల కత్తులు రెండూ ఒకేసారి వాడి గుండెల్లో దిగాయి.

నగారా ఆగింది. దారి తెలిసిన ఒక్కడూ తివాచీ మీద చచ్చిపడున్నాడు. ద్రానే బతికింది. ప్రెంగ్‌కి ఏడుపు తన్నుకొచ్చింది, మింగేశాడు.

పాషా బల్ల కిందనుంచి తల బయటపెట్టాడు. “కాఫీ ఇస్తే కాల్చాడేంట్రా వాడు?”

“ఏమో హుజూర్,” ప్రెంగ్ చెవి నెత్తురు తుడుచుకున్నాడు. “ఈ కొండవాళ్లతో వేగడం మనవల్ల కాదు.”