ఏటవాలు గాడి

"టీ చల్లారిపోతోంది, ముందు తాగండి" అంది టైలరమ్మ.

ఆమె భర్తకు వినపడితేగా! కుట్టుమిషన్లు బాగుచేసే ఆ పెద్దమనిషి కిటికీ దగ్గర నిలబడి చిన్న ఇనప పాదాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. సూది కింద బట్టను నొక్కిపట్టే పాదం అది. నెలరోజులు ఆకురాయితో రాకి, దాని అడుగున ఆమె ఒక గాడి తీసింది. అప్పట్నుంచి స్కూలు బ్యాగుల మందపాటి కుట్ల మీద సూది విరగడం మానేసింది.

"అవునూ, ఈ గాడి ఏటవాలుగా ఎందుకు తీశావ్?" అన్నాడు ఉన్నట్టుండి.

ఆమెకు అనుమానం వచ్చింది. పదిహేనేళ్ల కాపురంలో తన కుట్టుపని గురించి ఒక్క ముక్క అడిగిన పాపాన పోని మనిషి! పేటెంట్ తీసుకుంటే కంపెనీలు కాపీ కొట్టలేవంటూ వారంగా ఏజెంటు చుట్టూ తిరుగుతున్నాడు. మాటవరసకైనా "నువ్వూ రా" అనలేదు. పైగా ఫైలు బీరువాలో పెట్టి తాళం.

"అందంగా ఉంటుందని" అంది మొహం తిప్పుకుని.

పచ్చి అబద్ధం. గాడి నిటారుగా తీస్తే గుడ్డ ఎడమకు లాగేసేది. ఆ కిటుకు దొరికేలోపు ఎన్ని సూదులు విరిగాయో ఆమెకే తెలుసు. అడగ్గానే ఒప్పజెప్పడానికి ఆమేం పిచ్చిదా?

"నా కొడుకు బుర్రే బుర్ర!" అత్తగారు టీ ఊదుకుంటూ మురిసిపోయింది. "పేరు పేపర్లో పడుతుంది చూడు."

"మీ అబ్బాయి పేరేనా అత్తయ్యా?"

"మరింకెవరిదే? మిషన్ల పని వాడిది కాదూ?"

అతను తలొంచుకుని చెప్పులేసుకుని చక్కాపోయాడు. నిప్పులేనిదే పొగ రాదనుకుంది టైలరమ్మ.

కంగారులో తాళంచెవి బీరువాకే వదిలేశాడు. ఫైలు తీసి చూస్తే ఏముంది, "ఆవిష్కర్త" అన్న గడిలో అతని పేరే, గుండ్రటి అక్షరాల్లో! ఆ పూట ఆమె ఒక్క బ్యాగూ కుట్టలేకపోయింది.

మధ్యాహ్నం అతను గుమ్మంలో అడుగు పెట్టగానే ఫైలు విసిరికొట్టింది.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే! కట్టుకున్నదాని తెలివినే కాజేస్తారా?"

అతను కుర్చీలో కూలబడ్డాడు. "రాసింది నేనే. ఎవరి పేరైతేనేం, ఇంట్లోదేగా అనుకున్నాను."

"మరి దాచడం దేనికి?"

అతను కింద పడ్డ ఫైలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఇవాళ ఏజెంటు అదే అడిగాడు, గాడి ఏటవాలుగా ఎందుకని. అందం కోసమన్నాను."

అంత కోపంలోనూ ఆమెకు నవ్వాగలేదు.

"నవ్వు, నవ్వు! ఆయన పెన్ను కింద పెట్టేసి, 'అందానికి ఈ పేటెంట్ ఇవ్వరండీ. నిజం చెప్పండి, ఇది చేసింది మీరేనా?' అన్నాడు. నలుగురిలో తల కొట్టేసినట్టయింది. మా ఆవిడ చేసిందని చెప్పేశాను. రేపు నిన్ను వెంటబెట్టుకుని రమ్మన్నాడు."

"దొరికిపోయాక చెప్పారన్నమాట. ఇదైనా నిజమని ఏంటి నమ్మకం?"

అతను జేబులోంచి కొత్త ఫారం తీసి ఇచ్చాడు. ఆవిష్కర్త గడిలో ఆమె పేరు ఇంటిపేరుతో సహా ఉంది. ఆమె రెండుసార్లు చదివింది. వెనక్కి తిప్పి కూడా చూసింది.

"అమ్మా, ఆ బుర్ర నాది కాదు, నీ కోడలిది" అన్నాడతను, అరుపులు విని వచ్చిన తల్లితో.

"మరి పొద్దున నేను పొగుడుతుంటే నోరు మూసుకున్నావేంరా?"

"వినడానికి బాగుందమ్మా" అన్నాడు నేల చూపులు చూస్తూ.

ఆ మాటకి టైలరమ్మ కోపం సగం చల్లారింది. వచ్చి పక్కన కూర్చుంది. "సరే, వినండి. నిటారుగా తీస్తే గుడ్డ..."

"వద్దు!" రెండు చెవులూ మూసుకున్నాడు. "నాకు చెప్పకు. తెలిస్తే రేపు అక్కడ నీకంటే ముందు నేనే మాట్లాడేస్తాను. నువ్వే చెప్పు, నీ పక్కన కూర్చుని వింటాను."

ఫారం తడవకుండా పక్కకు పెట్టి, ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది.