గేటమ్మ పరీక్ష

ఇస్త్రీ పెట్టె యూనిఫాం చొక్కా కాలరు మీద ఉంది. గేటమ్మ మనసు మాత్రం ఎక్కడో ఉంది. ప్రసూతి ఆస్పత్రి గేటు దగ్గర సెక్యూరిటీ పని చేసే ఆవిడకి నర్సులు పెట్టిన పేరది. మెల్లగా ఇంట్లోకీ వచ్చేసింది.

"అత్తయ్యా, కాలరు మాడుతోంది!" కోడలు పరుగెత్తుకొచ్చి పెట్టె పక్కకి లాగింది. "ఏమైంది మీకు? నిన్న లైసెన్సు పరీక్ష బాగా రాశానన్నారుగా?"

"రాసింది బాగానే రాశానమ్మా. ఆ గేటు పరీక్ష దగ్గరే తప్పాను."

కొత్త చట్టం వచ్చింది. లైసెన్సు లేనివాళ్ళు ఇక యూనిఫాం వేసుకుని కాపలా కాయకూడదు. ఎంత అనుభవం ఉన్నా సరే, శిక్షణ తీసుకోవాలి, పరీక్ష నెగ్గాలి. చివర్లో ఒక ఉత్తుత్తి గేటు దగ్గర నిలబెడతారు. పరీక్ష పెట్టేవాళ్ళే రకరకాల మనుషుల్లా నటిస్తూ వస్తారు.

"ఒకమ్మాయి ఏడుస్తూ వచ్చింది. పాస్ లేదు. లోపల అక్కకి ఆపరేషన్ అంది. నటిస్తోందని నాకు తెలుసు. అయినా ఆ కన్నీళ్ళు చూసేసరికి చెయ్యి దానంతటదే గేటు తీసేసింది. పైగా లిఫ్టు ఎటో కూడా చెప్పాను. అక్కడ అసలు లిఫ్టే లేదు!"

కోడలికి నవ్వు ఆగలేదు. గేటమ్మా నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. సోమవారం మళ్ళీ పరీక్ష. అదీ తప్పితే ఉద్యోగం పోయినట్టే.

ఆఫీసుకి తయారవుతున్న కొడుకు ఇదంతా విన్నాడు. "పోతే పోయిందిలే అమ్మా. ఆ మోకాళ్ళతో రోజంతా నిలబడటం ఎందుకు?"

"మోకాళ్ళు నావిరా. నొప్పులని నీకు చెప్పానా?"

"నేను సంపాదిస్తున్నానుగా! ఇంకా నువ్వు వచ్చేపోయేవాళ్ళకి సలాం కొట్టాలా?"

కోడలు చటుక్కున తలెత్తింది. "అలా చెప్పండి. మోకాళ్ళ గొడవ కాదన్నమాట. మీ మేనేజరు గారి భార్య పురిటికి అక్కడే చేరిందిగా. అత్తయ్యని యూనిఫాంలో చూసిందనేగా మీ బాధ?"

అతని చెవులు ఎర్రబడ్డాయి.

గేటమ్మ చొక్కా మడత పెడుతూ నెమ్మదిగా అంది: "మీ నాన్న పోయాక నన్ను మనిషిని చేసింది ఆ గేటేరా. ఇంటికెళ్తూ ప్రతి తల్లీ బిడ్డని నాకు చూపించి మరీ వెళ్తుంది. మీరిద్దరూ నన్ను బాగా చూసుకుంటారు, కాదనను. కానీ పొద్దున లేస్తే నాకంటూ వెళ్ళే చోటు ఒకటుండాలి కదా."

కొడుకు కంచం ముట్టకుండానే వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం వీధి తలుపే ఆస్పత్రి గేటయింది. గేటమ్మ యూనిఫాం వేసుకుంది. కోడలు అక్కగా, పిన్నిగా, గుండెనొప్పి ముసలమ్మగా వచ్చింది. ఎలా వచ్చినా గేటమ్మ కరిగిపోయింది. కోడలు తల పట్టుకుంది. అప్పుడే బెల్లు మోగింది.

తలుపు గొలుసు మేరకే తెరుచుకుంది. "పాస్ చూపించండి."

"అమ్మా, నేనే."

"ఎవరైనా సరే బాబూ. పాస్."

"పొద్దున తినకుండా వెళ్ళాను. మధ్యాహ్నమూ తినబుద్ధి కాలేదు. ఆకలేస్తోందమ్మా."

అతను నటించడం లేదు. ఆ మాట విని ఆవిడ ఇంతవరకు ఏనాడూ కూర్చున్న చోట కూర్చోలేదు. చెయ్యి గొలుసు మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది.

"ఆ మెట్టు మీద కూర్చోండి," అంది. "మంచినీళ్ళిస్తాను. మీవాళ్ళకి కబురు నేనే చెప్తాను, కంగారు పడకండి. కానీ పాస్ లేకుండా పంపలేను. లోపల పసిపిల్లలున్నారు బాబూ."

తలుపు సందులోంచి గ్లాసు వచ్చింది. అతను మెట్టు మీద కూర్చుని నీళ్ళు తాగాడు. ఎంతమంది భర్తలు, తండ్రులు ఈ చేతి నీళ్ళు తాగి ఇలాగే కుదుటపడ్డారో అనిపించింది. దాన్నా తను సలాం కొట్టడం అన్నాడు! ఖాళీ గ్లాసు మెట్టు మీద పెట్టాడు.

"సోమవారం సెలవు పెడతానమ్మా. నేనే తీసుకెళ్తాను. ఎందుకని మేనేజరు అడిగితే మా అమ్మకి పరీక్ష అని చెప్తాను."

తలుపు అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"ఇక తలుపు తియ్యవే," అన్నాడు భార్యతో.

"నాదేముంది? గేటు అత్తయ్యది," అంది కోడలు. తర్వాత జాలిపడి, "మా మనిషే అత్తయ్యా, పంపించండి," అని పూచీ పడింది.

అప్పుడు గానీ గొలుసు ఊడలేదు. ఊడాక మాత్రం గేటమ్మ యూనిఫాం నలిగిపోతోందని కూడా చూసుకోకుండా కొడుకుని పట్టుకుని ఏడ్చింది.

సోమవారం పొద్దున ఆ యూనిఫాం చొక్కా కొడుకే ఇస్త్రీ చేశాడు. ఉత్తుత్తి గేటు దగ్గర మళ్ళీ అదే అమ్మాయి, అవే కన్నీళ్ళు. ఈసారి ఆ అమ్మాయికి కూర్చోవడానికి స్టూలు దొరికింది, మంచినీళ్ళూ దొరికాయి. లోపలికి దారి మాత్రం దొరకలేదు.