వెనకగదికి సిగ్నల్

మొదటి సాక్షిని లిఫ్టులో చంపారు. రెండోవాణ్ణి ఆస్పత్రి మంచం మీద. ఇక మిగిలింది ఇంజనీరు ఒక్కడే. విదేశీ ముఠాకి రహస్య కోడ్‌లు రాసిపెట్టి, మనసు విరిగి పారిపోయి వచ్చినవాడు.

“ఇతన్ని చంపరు. ముఠా తాళాలన్నీ ఇతని బుర్రలోనే ఉన్నాయి,” అన్నాడు చీఫ్. “సాయంత్రం వీడియో కాల్‌లో అందరి పేర్లూ చెబుతాడు. కిటికీ లేని వెనకగదిలో దాచాం. అక్కడికి వైఫై అందదు. స్టోర్‌లో పాత రౌటర్ పడుంది, పట్టుకెళ్లు.”

“తుపాకీ?”

“దాంతో సిగ్నల్ పెరుగుతుందా?”

గోడలు పాకడంలో దిట్ట కనుక ఏజెంట్‌కి బల్లి అని పేరు. కేబుల్ మెకానిక్ వేషంలో వెళ్లి బెల్ కొట్టాడు. అతికించిన మీసం దురద పెడుతోంది.

తలుపు తీసింది కాపలా ఏజెంట్ నెమలి. ఆమె నవ్వితే ఆఫీసులో సగంమంది చేతిలో ఫైళ్లు జారిపోతాయి.

“ఎందాకా అందుతోందమ్మా?” కోడ్ ప్రకారం అడిగాడు.

“వంటింటిదాకా. ఆపైన దేవుడే దిక్కు,” కోడ్ ప్రకారమే చెప్పింది.

రౌటర్‌ని కారిడార్‌లో బీరువా మీద పెట్టి, హాల్లోని అసలు రౌటర్ నుంచి కేబుల్ లాగాడు. అదే పేరు, అదే పాస్‌వర్డ్. చివరికి దీనిలో అడ్రస్‌లు పంచే సెట్టింగ్ ఆపేశాడు. ఫోన్లకీ లాప్‌టాప్‌లకీ అడ్రస్‌లు ఇవ్వాల్సింది అసలు రౌటరే. ఒకే ఇంట్లో రెండు పెత్తనాలు పనికిరావు.

వెనకగదిలో ఇంజనీరు ఫోన్ పట్టుకుని ఎదురొచ్చాడు. “ముందు మా చెల్లెలితో మాట్లాడాలి బాబూ. తను ఎక్కడ దాక్కుందో నాకొక్కడికే తెలుసు. తను వాళ్లకి దొరికితే నా నోరు పెగలదు.”

“రౌటర్ మొదలవుతోంది, రెండు నిమిషాల్లో సిగ్నల్ వచ్చేస్తుంది,” అన్నాడు బల్లి.

“టీ వంటింట్లో పెట్టాను, తాగిరా,” అంది నెమలి.

టీ తాగి, కేబుల్‌కి క్లిప్పులు కొడదామని తిరిగొచ్చాడు. అలవాటుగా, నెట్‌వర్క్‌ని పరీక్షించే టెస్టర్ వాచీ నొక్కాడు. ఎర్రచుక్క వెలిగింది. బీరువా మీది రౌటర్ అడ్రస్‌లు పంచుతోంది!

అదే మోడల్. మూల పగులు కూడా అదే. కానీ తను ఆపిన పని ఇది చేస్తోంది. అంటే తను టీ తాగేలోగా ఎవరో పెట్టె మార్చేశారు. మాటలన్నీ ఈ పెట్టెగుండా పోయి ముఠా చెవిన పడాలంటే అలాగే చెయ్యాలి మరి. ఇప్పుడు ఇంజనీరు ఫోన్ చేస్తే, చెల్లెలు ఎక్కడుందో ముఠాకి తెలిసిపోతుంది. బల్లి రౌటర్ వైపు చెయ్యి చాచాడు.

“టీలో పంచదార చాలలేదా?” నెమలి వెనకే ఉంది. చేతిలో పిస్తోలు.

“ఎవరిచ్చారు ఈ పెట్టె?”

“మన చీఫ్‌కంటే మంచి జీతమిచ్చేవాళ్లు. కదలకు.”

లోపలినుంచి ఇంజనీరు గొంతు వినిపించింది. “అబ్బాయ్, సిగ్నల్ వచ్చింది! కలుపుతున్నా!”

క్లిప్పులు కొట్టని కేబుల్ నేలమీద వదులుగా పడుంది. బల్లి దాన్ని కాలికి మెలేసి ఒక్క తన్ను తన్నాడు. బీరువా మీది రౌటర్ ఎగిరొచ్చి నెమలి మణికట్టు మీద పడింది. పిస్తోలు జారింది.

“అయ్యో, కలవలేదబ్బాయ్!” అన్నాడు ఇంజనీరు.

“హమ్మయ్య,” అన్నాడు బల్లి, నెమలి చేతులకి కేబుల్ చుడుతూ.

సాయంత్రం పేర్లన్నీ అందాక చీఫ్ ఫోన్ చేశాడు. “ఎక్కణ్ణుంచి మాట్లాడించావ్?”

“వంటింట్లోంచండీ. కిటికీకి బీరువా అడ్డం పెట్టాను.”

“మరి వెనకగదికి సిగ్నల్?”

“అక్కడ నెమలి ఉందండీ. అందకపోవడమే మంచిది.”