బుగ్గన బిళ్ల

నిజామాబాద్ గంజ్ వెనక సందులో ఆత్మారాంకు గడియారాల దుకాణం ఉండేది. దుకాణం అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక బల్ల, ఒక అద్దాల పెట్టె, గోడకు తలా ఒక సమయం చూపించే పాత గడియారాలు. కడుపు నింపేది ఆ గడియారాలే అయినా ఆయన ప్రాణం మాత్రం బల్ల కింద బిస్కెట్ డబ్బాలో ఉండేది. అందులో నిజాం జూబ్లీ నాటి వెండి పతకాలు, ఎవరెవరి పట్టాభిషేకానికో అచ్చు వేయించిన రాగి పతకాలు, వెనకటి షావుకార్లు తమ కొట్టు పేరు చెక్కించి పంచిన ఇత్తడి బిళ్లలు ఉండేవి. వాటిలో చాలావాటికి బజార్లో ఇప్పుడు చాయ్ కూడా రాదు. అయినా డబ్బా మూత తీయకుండా ఆయనకు పొద్దు గడిచేది కాదు.

ఆయనకు ఒక వింత అలవాటు ఉండేది. ఏ బిళ్ల చేతికొచ్చినా ముందు గోటితో మీటి మోగించి వినేవాడు, ఆ తర్వాత నాలుకకు ఆనించేవాడు. రాగిది ఒక రుచి, ఇత్తడిది ఒక రుచి, పూత పూసిన సీసానిది ఇంకో రుచి. ఒకసారి దొంగ పతకం అంటగట్టించుకున్నాక కళ్లను నమ్మడం మానేసి నాలుకను నమ్ముకున్నాడు. భార్య సుమిత్రమ్మ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ ఇది చూసినప్పుడల్లా మూతి తిప్పేది.

"నా కూరల లేని రుచి గా బిళ్లలల్ల ఏమున్నదో. ఎన్నడో ఒకనాడు నేను గూడ నోట్లేసుకొని సూస్త" అనేది.

"సూడు, ఎవలొద్దన్నరు" అని నవ్వేవాడు ఆత్మారాం.

వాళ్లకు పిల్లలు లేరు. ఆ లోటు ఆత్మారాం ఎడపల్లిలో సాయన్న ఇంట్లో తీర్చుకునేవాడు. సాయన్న చెరుకు పండించే రైతు, చిన్ననాటి దోస్తు. దుక్కిలో ఏ బిళ్ల బయటపడ్డా రుమాలు కొసన ముడేసుకుని తెచ్చిచ్చేవాడు. సాయన్న చిన్న బిడ్డను తొట్టెల్లో వేసిన రోజున ఆత్మారాం తన దగ్గరున్న వాటన్నిటిలోకి మంచి జూబ్లీ పతకానికి కొక్కెం అతికించి ఆ పిల్ల మెడలో వేశాడు. డబ్బాలోంచి ఒక వస్తువు బయటికి పోవడం అదొక్కసారే. సాయన్నకు ఆత్మారాంలో నచ్చనిదల్లా ఆ నాలుక పరీక్ష ఒక్కటే. "ఛీ, ఎవలెవలు పట్టుకున్నయో ఏమో" అని మొహం పక్కకు తిప్పుకునేవాడు.

అది అరవై ఎనిమిదో సంవత్సరం, చెరుకు నరికే చలికాలం. ఒక పొద్దున సాయన్న దుకాణానికి వచ్చాడు. బుగ్గలు లోపలికి పోయి, కళ్ల కింద నల్లబడి, మనిషి సగమయ్యాడు. కూర్చోమంటే కూర్చోలేదు, చాయ్ తెప్పిస్తే ముట్టలేదు.

"అన్నా, కొత్త మడి దున్నుతుంటే ఒక బిళ్ల ఎల్లింది. బెల్లం సేటుది. బండి బొమ్మ ఉన్నది."

ఆత్మారాం చేతిలోని సన్న పట్టుకారు బల్ల మీద పడింది. ఆ బిళ్ల గురించి వినడమే గానీ చూసినవాడు లేడు. చక్కెర ఫ్యాక్టరీ రాకముందు ఆ వైపు ఒక సేటు బెల్లం బట్టీలు నడిపేవాడు. చెరుకు బండ్లు రాత్రింబగళ్లు బారులు తీరి ఉండేవి. కావలివాడు ఒక్కో బండికి ఒక ఇత్తడి బిళ్ల ఇచ్చి, దాని నంబరు పిలిచినప్పుడే లోపలికి వదిలేవాడు. బిళ్ల పోతే వంతు పోయినట్టే. అందుకని బండివాళ్లు నిద్రలో ఎక్కడ జారిపోతుందోనని దాన్ని బుగ్గన పెట్టుకుని పడుకునేవాళ్లట.

"మరి తేలేదేందిరా?"

"పొలిమేర దాటియ్య బుద్ధి గాలె. నువ్వే రా అన్నా. ఇయ్యాల్నే రా."

సాయన్న ముందు పోయాడు. ఆత్మారాం చేతిలో పని ముగించుకుని, దుకాణం మూసి బోధన్ బస్సెక్కాడు. ఎడపల్లిలో దిగేసరికి పొద్దు వాలుతోంది. గాలిలో పాకం కాగుతున్న వాసన, తగలబెట్టిన చెరుకాకు వాసన. బస్సు దగ్గర కాచుకుని ఉన్న సాయన్న, ఇంటికి తీసుకుపోకుండా నేరుగా చేనుగట్టుకు నడిపించాడు. అక్కడ ఒక రాయి మీద పసుపు గుడ్డలో చుట్టి ఉంది బిళ్ల.

"తీస్కో" అన్నాడు దూరంగానే నిలబడి.

ఒక వైపు ఎద్దుల బండి, రెండో వైపు ఉర్దూ అంకెల్లో పదిహేడు. మట్టిలో ఇన్నేళ్లు పడి ఉన్న ఇత్తడికి పచ్చగా చిలుము పట్టాలి. దీనికి లేదు. నున్నగా ఉంది. కొంచెం తడిగా ఉంది. వెచ్చగా ఉంది... ఎవరో ఇప్పుడే నోట్లోంచి తీసి పెట్టినట్టు.

"నాలుకకు పెట్టి సూడవా, అన్నా?"

ఆత్మారాం తల తిప్పి చూశాడు. ఎప్పుడూ ఛీ అనే మనిషి ఈవేళ పెట్టమంటున్నాడు. ఎందుకో అడగాల్సింది. కానీ కోరుకున్న వస్తువు అరచేతిలో ఉన్నప్పుడు మనిషికి ప్రశ్నలు తోచవు. నాలుకకు ఆనించాడు. తీపి. చిక్కటి పాకం తీపి. ఇంకొంచెం తెలుసుకుందామని నోట్లోకే వేసుకున్నాడు. తీపి వెనక మట్టి... మట్టి వెనక ఇంకేదో కుళ్లు. ఒక్కసారిగా అరచేతిలోకి ఉమ్మేశాడు.

సాయన్న గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. పక్కనున్న చెరుకుగడ విరిచి కొరికాడు. రసం గడ్డం మీదుగా కారుతుంటే నములుతూనే ఏడ్చాడు.

"తియ్యగున్నది... ఓ హన్మవ్వా, తియ్యగున్నదే..."

చెరుకు సందులోంచి భార్య హన్మవ్వ వచ్చింది. ఆమె చూపు ఆత్మారాం చేతి మీద ఆగింది.

"చెప్పి పెట్టిచ్చినవా, చెప్పకనే పెట్టిచ్చినవా?" అని మొగుణ్ని మెల్లగా అడిగింది.

హన్మవ్వే కొంగు నోటికడ్డం పెట్టుకుని చెప్పింది. ఆ రోజు తలకు రుమాలు లేక, నాగలి మీద రెండు చేతులూ ఉండడంతో, ఛీ అనుకుంటూనే సాయన్న ఆ బిళ్లను బుగ్గన పెట్టుకున్నాడు. రెండో చాలుకు మనిషి దవడ ఎముక పైకొచ్చింది. వంతు కోసం చూస్తూ బండి కిందనే చలికి చచ్చిపోయిన వాడెవరినో తోటివాళ్లు బిళ్లతోనే అక్కడ పూడ్చారట. అది మొదలు సాయన్నకు ఏం తిన్నా ఇత్తడి రుచే. రోజూ దీపాలు పెట్టే వేళకు ఒక బండి వస్తుంది, ఎవరో నంబరు పిలుస్తారు, మర్నాడు ఇంకొంచెం దగ్గరికి వస్తుంది. నిన్న పశువుల కొట్టం దాకా వచ్చింది. గడప దాకా వస్తే మనిషి వంతు వచ్చినట్టే. పారేస్తే బిళ్ల మళ్లీ బుగ్గలోకే వస్తుంది. ఇంకొకరు తమంతట తాముగా నోట పెట్టుకుంటేనే పోతుందని ఊళ్లో ముసలి భీమవ్వ చెప్పింది.

"నాకొక్క మాట చెప్పకపోతివి, సాయన్నా" అన్నాడు ఆత్మారాం.

"చెప్తే పెట్టుకుంటవా అన్నా?" సాయన్న నేల చూపులు చూస్తూ గొణిగాడు. "నాకు ముగ్గురు పిల్లలు. నీకెవ్వలు లేరు గద..."

ఆత్మారాంకు దెయ్యం భయం ఇంకా పట్టలేదు. ఆ మాటే పట్టింది. ఇన్నేళ్లు ఆ ఇంట్లో పెద్దబాపు అనిపించుకున్నాడు. ఆ పిల్లలను తన పిల్లలే అనుకున్నాడు. సాయన్న మాత్రం లెక్క వేరేగా వేసుకుని, ఆత్మారాం నాలుక అలవాటును గుర్తు పెట్టుకుని, బస్సెక్కించి మరీ రప్పించాడు. వెనక్కి తిరిగి నడిచాడు.

దారి పొడవునా రెండు పక్కలా చెరుకు. గాలి లేదు, ఆకు కదలడం లేదు. వెనక నుంచి గంటల చప్పుడు... ఎద్దుల మెడ గంటలు. ఆత్మారాం ఆగితే ఆగాయి. నడిస్తే కదిలాయి.

"సత్రా నంబర్..."

బిళ్ల మీది పదిహేడే. అరుపు కాదది. విసుగెత్తిన కావలివాడి గొంతు. కాలువ రాగానే బిళ్లను నీళ్లలోకి విసిరేశాడు. బుడుంగుమని మునిగింది. పరుగెత్తి బస్సెక్కాడు.

"యాడికన్నా?" అన్నాడు కండక్టర్.

నిజామాబాద్ అనబోయాడు. మాట సరిగా రాలేదు. బుగ్గన ఏదో అడ్డం పడింది... వెచ్చగా, నున్నగా.

ఇంటి సందు మలుపు తిరుగుతుంటే గంటలు మలుపు దాకా వచ్చి ఆగాయి. రేపు గడప దాకా వస్తాయని ఆత్మారాంకు అర్థమైంది.

సుమిత్రమ్మకు ఏమీ చెప్పలేదు. ఆమె భయపడుతుందని అనుకున్నాడు. అంతకన్నా, తమ్ముడు తమ్ముడని నెత్తిన పెట్టుకున్నవాడు ఇలా చేశాడని చెప్పుకోవడానికి సిగ్గేసింది. కడుపులో బాగలేదని పడుకున్నాడు. మర్నాడు దుకాణానికి లింబాద్రి వచ్చాడు. ఆయనకూ పతకాల పిచ్చి ఉంది.

"కొత్తది ఏమన్న దొరికిందా?" అన్నాడు ఆశగా చెయ్యి చాపి.

ఆత్మారాం చెయ్యి జేబు దాకా పోయింది. లింబాద్రి కూడా నాలుకకు పెట్టడం తన దగ్గరే నేర్చుకున్నాడు. ఒక్క క్షణం పట్టదు...

"ఏం లేదు లింబాద్రీ" అన్నాడు. సాయన్న చేసిన పని తను చేయదల్చుకోలేదు.

పొద్దు గూకకముందే దుకాణం కట్టేశాడు. ఇంటికి వచ్చి, బిళ్లను వెంట తెచ్చిన బిస్కెట్ డబ్బాలో వేసి, ముందు గదిలో గూట్లో పెట్టి, వీధి తలుపుకు గొళ్లెం పెట్టాడు. సుమిత్రమ్మ ఆయన్నూ, ఆ డబ్బానూ ఎగాదిగా చూసింది. వంటింట్లో జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టి, తను చాట తీసుకుని ముందు గదిలో కూర్చుంది. తినకపోతే ఆమె ఊరుకోదని ఆత్మారాం ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఇత్తడి. నమిలి మింగాడు.

చీకటి పడింది. గంటలు వినిపించాయి. సందులోకి వచ్చాయి... పక్కింటి దాకా వచ్చాయి...

ఆత్మారాం కళ్లు మూసుకుని ఇంకో ముద్ద పెట్టుకున్నాడు.

పులుపు. పచ్చిమిరప కారం. కాల్చిన ఉల్లిగడ్డ వాసన. నోరంతా నీళ్లూరింది. ప్రాణం లేచొచ్చింది. ఆవురావురుమంటూ ఇంకో ముద్ద తిన్నాడు, ఇంకోటి తిన్నాడు. గండం గడిచిందనుకున్నాడు.

అప్పుడు చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"సుమిత్రా..."

"ఊఁ..." ముందు గదిలోంచి జవాబొచ్చింది. బుగ్గన ఏదో పెట్టుకుని మాట్లాడుతున్న గొంతు. "తిండి బంద్ వెట్టి దీన్ని పట్టుకొని తిరుగుతున్నరు... ఏమున్నదో సూద్దమని... నిజంగనే తియ్యగున్నది..."

"ఉమ్మెయ్! ఉమ్మెయ్ దాన్ని..."

"ఆగుండ్రి. బయట ఎవలో పిలుస్తున్నరు. నా వంతొచ్చిందట..."

గొళ్లెం తీసిన చప్పుడైంది.

కంచం తన్నుకుంటూ పరుగెత్తాడు. తలుపు బార్లా తెరిచి ఉంది. నేల మీద చాట, అందులో సగం చుట్టిన బీడీ. సందులో మనిషి లేడు. స్తంభం దీపం కింద మట్టిలో రెండు బండి చక్రాల జాడలు ఇంటి అరుగు దాకా వచ్చి ఉన్నాయి. అక్కడి నుంచి వెనక్కి గానీ ముందుకు గానీ పోయిన జాడ లేదు.

ఆత్మారాం ఆ జాడల మధ్య నిలబడ్డాడు. నోట్లో ఆమె చేసిన పచ్చిపులుసు ఇంకా కమ్మగా ఉంది.