ఎనిమిది వోల్టులు

సెల్లు పోయింది సోమవారం పొద్దున. ఏలియా మంచం కింద, సోఫా దిండ్ల వెనక, చెప్పుల స్టాండు దగ్గర, ఆఖరికి బియ్యం డబ్బా పక్కన కూడా వెతుకుతుంటే స్వప్న టిఫిన్ డబ్బాలో చపాతీలు సర్దుతూ చూసింది. నెక్కొండ బండికి టైమవుతోంది. కాజీపేట స్టేషన్ ఇంటికి దగ్గరే అయినా, ఆ బండి తప్పితే తను పాఠాలు చెప్పే బడిలో ప్రేయర్ అయిపోయాకే చేరాలి.

"ఏం దేవులాడుతాండ్రు మామయ్యా?"

"ఏం లేదు బిడ్డా. టార్చి సెల్లు. చేతిలకెళ్లి జారి ఎటో దొర్లింది."

"టార్చి అల్మారీలనే ఉన్నది గదా. దాంట్ల సెల్లు ఉన్నట్టే ఉన్నది."

"ఇది ఇంకోటి," అన్నాడు ఆయన ఆమె ముఖం చూడకుండా. "నువ్వు పో. బండి ఆగదు. రైల్వేల చేసి రిటైరైనోని కోడలివని అసలే ఆగదు."

స్వప్న నవ్వి, చీపురు పుల్లతో ఫ్రిజ్ కింద ఒకసారి గీకి చూసింది. దుమ్ము వచ్చింది గానీ సెల్లు రాలేదు. గడప దాటి మోరీలో పడి ఉంటుందనుకుని చెప్పులేసుకుంది. బండెక్కాక ఆ సంగతే మరిచిపోయింది.

ఆ ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే. ఏలియా కొడుకు, స్వప్న భర్త అయిన విన్సెంట్ పోయిన వానాకాలంలో హన్మకొండ నుంచి బైకు మీద వస్తుంటే లారీ తగిలి చనిపోయాడు. పిల్లలు లేరు. అత్తగారు అంతకు ముందే పోయింది. స్వప్న పుట్టింటికి వెళ్లిపోతుందని అందరూ అనుకున్నారు. తండ్రిని ఖిలా వరంగల్‌లోని తన ఇంటికి తీసుకుపోవాలని ఏలియా కూతురు ప్రేమలత అనుకుంది. ఇద్దరూ కదలలేదు. ఎందుకని ఎవరూ గట్టిగా అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. పొద్దున ఆయన పాలు తెచ్చేవాడు, ఆమె టీ పెట్టేది. సాయంత్రం బండి దిగి ఆమె వచ్చే వేళకు ఆయన గేటు దగ్గర నిలబడి ఉండేవాడు. ఆలస్యమైతే ఏ బండి ఎక్కడ ఆగి ఉంటుందో ఆయనే చెప్పేవాడు.

ఆదివారం ఏలియా చర్చికి వెళ్లాడు. స్వప్న వెళ్లలేదు. ఈమధ్య వెళ్లడం తగ్గించింది. వెళితే ఎవరో ఒకరు చేయి పట్టుకుని వదిలేవారు కాదు. ఆమె తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం పేపర్లు దిద్దుతూ కూర్చుంటే గేటు ముందు ఆటో ఆగింది. మనిషికన్నా ముందు ప్రేమలత గొంతు లోపలికి వచ్చింది.

"వదినె! ఓ వదినె! బయటికి రా. మా నాయిన ఎట్ల వచ్చిండో చూడు!"

ఏలియా తెల్ల చొక్కా జేబు నల్లగా మాడి ఉంది. మధ్యలో చిల్లు. ఆయన తడి రుమాలు గుండె మీద అదుముకుని, అందరూ తనను చూస్తున్నందుకు సిగ్గుపడుతున్నట్టు నిలబడ్డాడు.

"ఏమైంది?"

"ఏమైందా? ప్రార్థనకు వంగిండు. అందరం కండ్లు మూసుకున్నం. ఒక్కసారే 'యేసయ్యా!' అని ఎగిరి లేచిండు. ఆత్మ వచ్చిందనుకున్నరు మొగోళ్లందరు. పాస్టరు గారైతే 'స్తోత్రం' అన్నడు. కండ్లు తెరిచి చూస్తే జేబులకెళ్లి పొగ!"

"స్తోత్రం రెండుసార్లు అన్నడు," అన్నాడు ఏలియా మెల్లగా.

"నువ్వు మాట్లాడకు నాయినా."

స్వప్న ఆయన్ను పంపు దగ్గర కూర్చోబెట్టి, చొక్కా, బనియను తీయించి, చాలాసేపు చల్లటి నీళ్లు పోసింది. బొటనవేలంత మేర చర్మం ఎర్రగా కంది ఉంది. మందు రాసింది. అప్పుడు ప్రేమలత హ్యాండ్‌బ్యాగులోంచి చున్నీ ముక్కలో చుట్టిన వస్తువు తీసి అరుగు మీద పెట్టింది.

నల్లటి ఇనుప డబ్బా. పిడికిట్లో పట్టేంత. ఒక మూల రంగు పోయింది. స్వప్న దాన్ని వెంటనే గుర్తుపట్టింది. విన్సెంట్ సిగరెట్ మానడానికి వాడిన ఈ-సిగరెట్, బ్యాటరీతో నడిచే పొగ మిషను అది. ఇలాంటివి అమ్మకూడదని చట్టం రాకముందు దుబాయి నుంచి వచ్చిన స్నేహితుడు ఇచ్చాడు. విన్సెంట్ దానితో సిగరెట్ మానాడు కూడా. అంత పట్టుబట్టి మానిన మనిషిని లారీ తీసుకుపోయింది. మిషను కూడా ఆ రోజే ఎక్కడో పోయిందని ఆమె అనుకుంది.

"ఇంట్ల ఉన్నది ఇద్దరు," అంది ప్రేమలత. "ఆయన జేబుల బాంబు పెట్టుకొని తిరుగుతాంటే నీకు తెల్వలేదా వదినె? బడిల పిల్లలకు కరెంటు పాఠం చెప్తవు గదా?"

"తెల్వదు ప్రేమలతా."

"తెల్వదు! రేపు ఆయనకేమన్న అయితే గూడ తెల్వదంటవు. నాయినను నేను తీసుకపోత. ఈడ ఎవరు చూస్తాండ్రు ఆయన్ని?"

స్వప్న మందు ట్యూబు మూత బిగించింది. అది సరిగా కూర్చోలేదు. తీసి మళ్లీ బిగించింది.

"ఆమెనెందుకు అంటవే?" అన్నాడు ఏలియా. "నేను దాసిపెట్టిన. ఆమెకెట్ల తెలుస్తది?"

"అయితే ఇప్పుడే మోరీల పారేస్త." ప్రేమలత డబ్బా అందుకుంది.

ఏలియా లేచాడు. ఎన్నడూ కూతురి మీద చెయ్యెత్తని మనిషి, ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"పారేస్తే పారెయ్యి. సాయంత్రానికి సిగరెట్ డబ్బా కొనుక్కొస్త. నలభై ఏండ్ల సిగరెట్, దీనితోనే బందయింది నాకు." చూపు డబ్బా మీదికి దించాడు. "అది గాదు సంగతి. వాడు పొగ ఇడిస్తే ఇల్లంత ఏలక్కాయ వాసన వస్తుండె. యాదికున్నదా నీకు? ఇప్పుడు ఇంట్ల ఏ వాసనా లేదు."

ప్రేమలత చేయి వదులైంది. అరుగు మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎప్పటి నుంచి మామయ్యా?" అంది స్వప్న.

"దవాఖానోళ్లు వాని బట్టలిచ్చిన రోజే తీసి పెట్టుకున్న. పొగ తాగుడు ఈ ఎండకాలం నుంచి."

"నాకు చెప్పలేదు."

"చెప్తే పారేస్తవనుకున్న."

"పారేసేదాన్నే," అంది స్వప్న. అది నిజం కాబట్టి అంది. తర్వాత ప్రేమలత చేతిలోంచి డబ్బా తీసుకుంది. "వచ్చే ఆదివారం దాకా ఆగు ప్రేమలతా. అప్పటికి ఇది మళ్ల కాలదని నాకు నమ్మకం రాకపోతే, నేనే పారేస్త. మామయ్య నీతోని రానన్నా, నేనే తోలిస్త."

ప్రేమలత ముక్కు తుడుచుకుంది. "ఆదివారమే. సోమవారం అంటే ఊకోను," అని ఆటో మాట్లాడుకుని వెళ్లింది.

స్వప్న డబ్బా అడుగున మూత తీసింది. లోపల రెండు సెల్లులు, ఒకదాని వెనక ఒకటి. ఒకటి విన్సెంట్ పెట్టినది. రెండోదాని ఊదారంగు తొడుగు ఒకవైపు ఉడికి ముడుచుకుపోయింది.

"ఇది టార్చిలది గదా?"

"అవును. ఒకటి పోయింది సోమవారం. ఒక సెల్లు పోతే ఒక సెల్లు ఎయ్యాలె. ఎలక్ట్రిక్ లోకో షెడ్డుల బ్యాటరీ సెక్షన్ల నా సర్వీసంత చేసింది గదే. ఇంజను బ్యాటరీల ఒక సెల్లు ఖరాబైతే దాన్నే మారుస్తం. మొత్తం డబ్బా మారుస్తే ఆఫీసరు మొకాన కొడతడు."

"అది వేరు మామయ్యా."

"ఏం వేరు? ఇరవై ఐదు వేల వోల్టుల తీగల కింద తిరిగిన మనిషిని. రెండు సెల్లులు కలిపితే ఎనిమిది వోల్టులు. ఎనిమిది వోల్టులు నన్ను ఏం చేస్తయి?"

స్వప్న ఆయన గుండె మీది మందు వైపు చూసింది. ఆయన కూడా కిందికి చూసుకున్నాడు.

ఆమె బడికి తీసుకుపోయే మీటరు తెచ్చి రెండు సెల్లులకూ పెట్టింది. విన్సెంట్ సెల్లు దాదాపు నాలుగు వోల్టులు చూపింది. టార్చి సెల్లు రెండు వోల్టులు కూడా చూపలేదు.

"ఒకే వరసల ఉన్నప్పుడు రెండిట్ల నుంచి ఒకటే కరెంటు పోవాలె," అంది. "ఇది ముందే అయిపోయింది. అది ఇంకా తోస్తనే ఉన్నది. అయిపోయినదాన్ని తోస్తే వేడెక్కుతది. మీరు ప్రార్థనకు వంగినప్పుడు మీట నొక్కుకపోయి ఉంటది. మీ షెడ్డుల సెల్లు వేడైతే ఏం చేస్తరు?"

"మూత తీసి చూస్తం. నీళ్లు పోస్తం."

"దీనికి మూత లేదు."

ఏలియా కాలిన సెల్లును చాలాసేపు చూశాడు. ఆ పని తెలిసిన మనిషికి అంతకన్నా చెప్పక్కరలేదు. ఉన్నట్టుండి ఆయన ముఖం తేటపడింది. "అయితే తప్పు దీనిది. వాని సెల్లు మంచిగనే ఉన్నది. దీనికి సరైనది ఒకటి కొందం."

"కుదరదు. కొన్నా రెండూ కొత్తవే కొనాలె. ఒకే రకం, ఒకే రోజు కొన్నవి. రెండూ ఒక్కతీరుగ చార్జి చెయ్యాలె, ఒక్కతీరుగ వాడాలె. పాతది ఒకటి, కొత్తది ఒకటి పెడితే మళ్ల ఇదే అయితది."

"మంచిగున్నదాన్ని తీసి పక్కన పెడతవా?"

"మంచిదే మామయ్యా. దానికి జత లేదు ఇప్పుడు."

అన్నాక ఆమెకే ఆ మాట వినిపించింది. ఏలియా తల తిప్పి గేటు వైపు చూశాడు. తర్వాత ఆయన విన్సెంట్ సెల్లును విప్పిన చొక్కా అంచుతో తుడిచి, టార్చిలో వేసి, మీట నొక్కి చూశాడు. వెలిగింది.

శనివారం ఒంటిపూట బడి. మధ్యాహ్నం ఇద్దరూ హన్మకొండ చౌరస్తా దగ్గర సెల్లులు, చార్జర్లు అమ్మే దుకాణానికి వెళ్లారు. కుర్చీలో కూర్చున్నాయన మెరిసే తొడుగున్న సెల్లు ముందు పెట్టాడు.

"ఇది తీస్కోన్రి మేడం. తొమ్మిది వేల తొమ్మిది వందల ఎంఏహెచ్ చార్జి పడుతది. దీనికన్న పెద్దది మార్కెట్ల లేదు."

"ఈ సైజు సెల్లుల మూడు వేలు, మూడున్నర వేల ఎంఏహెచ్ పడితే గొప్ప," అంది స్వప్న. "నాకు పెద్ద అంకె వద్దు. ఒకేసారి ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో రాసి ఉన్నది కావాలె."

"ఆంపియర్లు ఎవలడుగుతరు మేడం?"

ఏలియా ఆ సెల్లును అరచేతిలో ఎగరేసి పట్టుకున్నాడు. "తేలిక ఉన్నది. లోపల సరుకు లేదు," అని తిరిగి ఇచ్చాడు.

"పెద్దాయనా, కూరగాయలా తూకం ఎయ్యనీకె?"

"ముప్పై ఏండ్లు బ్యాటరీలు మోసిన తమ్మీ. చెయ్యికి తెలుస్తది."

దుకాణదారు నవ్వి లోపలి అరలోంచి ఇంకో పెట్టె తీశాడు. స్వప్న తొడుగులు చిరగనివి, ఒకే తయారీ గుర్తు ఉన్నవి రెండు ఏరింది. జేబులో తాళాలకు తగలకుండా ఒక ప్లాస్టిక్ డబ్బా కూడా అడిగి తీసుకుంది. బస్సులో ఏలియా వాటిని చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

రెండూ చార్జయి నిండాక స్వప్న మీటరు పెట్టి చూసింది. రెండిట్లో ఒకటే అంకె. ఇనుప డబ్బాలో వేసి మీట నొక్కితే చిన్న తెర మీద ఆరు వోల్టులని వెలిగింది. ఎనిమిదిలోంచి ఎన్ని లోపలి తీగకు పంపాలో ఆ తెర మీద పెట్టుకోవచ్చు.

"ఆరు మీద ఎందుకు పెట్టిన్రు?"

"మొదట్ల నాలుగు చిల్లర ఉండె. వాసన సరిగ రాలె. పెంచిన. అయినా రాలె. ఇంకింత పెంచిన."

"వాసన ఎట్ల ఉన్నది?"

"మాడిన వాసన. బెల్లం పాకం అడుగంటినట్టు. సీసాల మందు పాతదైందనుకున్న."

పొగ కోసం మిషనులో పోసే ఆ మందు సీసాలో పావు వంతు ఉంది. విన్సెంట్ కలిపి పెట్టుకున్నదే. స్వప్న దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. రంగు మారలేదు. వోల్టేజీ పెరిగితే లోపలి తీగ ఎక్కువ వేడెక్కుతుంది. పొగ పెరుగుతుంది, వాసన మాడిపోతుంది. అది ఆమె ఏటా చెప్పే పాఠమే. కొడుకు వాసన కోసం ఈయన పెంచుకుంటూ పోయి, ఆ వాసననే కాల్చేశాడు.

ఆమె మాడిన తీగ చుట్ట తీసి, విన్సెంట్ వస్తువుల సంచీలో మిగిలిన కొత్తది బిగించింది. వోల్టేజీ ఒక్కో మెట్టూ దించుతూ వచ్చింది. ఐదు దగ్గర ఏలియా పీల్చి తల అడ్డంగా ఊపాడు. నాలుగున్నర దగ్గర ఇంకోసారి పీల్చాడు. నాలుగు కిందికి వచ్చాక పొగ పలచగా వచ్చింది. ఆయన మెల్లగా వదిలాడు.

ఏలక్కాయ.

ఆమె చేతిలోని మీటరును కింద పెట్టింది. విన్సెంట్ వంటగది గుమ్మంలో భుజం ఆనించి నిలబడి, ఆమె చపాతీలు చేస్తుంటే ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండేవాడు. "అవతలికి పో, పిండిల పొగ పడుతది," అని ఆమె విసుక్కునేది. అంత్యక్రియల రోజున కూడా నలుగురి ముందు ఏడవని మనిషి, ఇప్పుడు మెట్టు మీద కూర్చుని మోకాళ్లలో తల పెట్టుకుంది. ఏలియా ఆపమనలేదు. పక్కన కూర్చుని వీపు మీద చేయి వేశాడు.

"సీసా అయిపోతే?" అన్నాడు చాలాసేపటికి.

"ఇంకోటి దొరకదు. దొరికినా తేవద్దు." ఆమె ముఖం తుడుచుకుంది. "అప్పటిదాకా కొంచెం కొంచెం దించుదాం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. సాయంత్రం నేను వచ్చినంకనే. అది గూడ బయటనే."

"నువ్వు వచ్చినంకనే," అన్నాడాయన.

ఆదివారం ప్రేమలత వచ్చి డబ్బాను మూడుసార్లు తాకి చూసింది. వేడెక్కలేదు. ఆమె ముందే ఏలియా ఒకసారి పీల్చి వదిలాడు. ప్రేమలత తిట్టబోయి ఆగి, గాలిలోకి ముఖం ఎత్తి, కళ్లు మూసుకుంది. తండ్రిని తీసుకుపోతానని ఆ రోజు అనలేదు. పోయేముందు స్వప్న భుజం పట్టుకుని, "ఆ రోజు నోటికొచ్చింది అన్న వదినె, మనసుల పెట్టుకోకు," అంది.

తర్వాతి వారం స్వప్న ఆయన్ను ఛాతీ దవాఖానకు తీసుకెళ్లింది. ఈ పొగ కూడా ఊపిరితిత్తులకు మంచిది కాదని, పూర్తిగా మానాలని డాక్టరు చెప్పింది. స్వప్న ఇంటికి వచ్చి ఆ మాట మార్చకుండా ప్రేమలతకు ఫోనులో చెప్పింది.

ఇప్పుడు వోల్టేజీ మూడున్నర దగ్గర ఉంది. ఆయన ఇంకా మానలేదు.