ఈసారి స్టార్ కడతరా, మమ్మీ?

డిసెంబరు ఇరవై నాలుగు పొద్దున సాంసన్ టీ తాగి, మేళ్లచెరువులో సిమెంటు లోడు ఎత్తుకోవడానికి లారీ తీసుకుని వెళ్లిపోయాడు. నాలుగింటికల్లా ఇంట్లో ఉంటానన్నాడు గానీ, లారీ డ్రైవరు చెప్పిన టైముకు పూచీ ఎవరు? మంజుల గిన్నెలు కడిగింది, వాకిలి ఊడ్చింది, ఉతికిన బట్టలే మళ్లీ ఒకసారి జాడించింది. ఇక చేయడానికి పనేమీ దొరక్క, మంచం కింద దాచిన సంచి బయటికి లాగింది. అందులో ఎర్రటి ప్లాస్టిక్ స్టార్ ఉంది. మొన్న అంగన్‌వాడీ నుంచి వస్తూ కోదాడ బజార్లో కొన్నది, మొగుడికి కూడా చూపించలేదు.

సొంత ఇంటికి స్టార్ కట్టుకోవడానికి ఇంత దొంగతనం దేనికంటారా? అత్తగారు ఉప్పలమ్మ పోయి ఇంకా నలభై రోజులు కాలేదు మరి. వాళ్ల వాడలో చావు జరిగిన ఇంటికి ఆ ఏడు స్టార్ కట్టరు. క్యారల్స్ పాడే పిల్లలు ఆ గుమ్మం ముందు ఆగరు. పొయ్యి మీద నూనె మూకుడు ఎక్కదు, పిండివంటలు ఇరుగుపొరుగు వాళ్లే తెచ్చిపెడతారు. బైబిల్లో అలాంటి రూలేమీ లేదని పాస్టరుగారు ఏటా చెబుతూనే ఉంటారు. జనం తల ఊపుతూ వింటారు, స్టార్ మాత్రం కట్టరు.

మంజుల స్టూలు వేసుకుని వరండా దూలానికి దాన్ని కట్టింది. ఎదురింటామె పళ్లు తోముకుంటూ అలాగే నిలబడి చూసింది. ఏమీ అడగలేదు. అడిగితే బాగుండేదనిపించింది మంజులకు.

ఇదంతా కూతురు సువార్త కోసం. ఒక్కగానొక్క పిల్ల, సెప్టెంబరులో పెద్ద చదువుకని జర్మనీ వెళ్లింది. మంజుల అంగన్‌వాడీకి పోతే ఆ పిల్లను పెంచింది ఉప్పలమ్మే. జడ వేసింది నానమ్మ, జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్నది నానమ్మ, పిల్లకు నాలుగేళ్లప్పటి నుంచి ఏటా వెదురు బద్దలు చీల్చి, జిగురుకు మైదాపిండి ఉడికించి, పిల్లను పక్కన పెట్టుకుని క్రిస్మస్ స్టార్ కట్టింది నానమ్మ. అలాంటి నానమ్మ పోయిందని తెలిస్తే పిల్ల ఏమైపోతుంది? మట్టి చేసి వచ్చిన సాయంత్రమే సాంసన్ తేల్చేశాడు. "ఫిబ్రవరిల పరీక్షలు అయ్యేదాంక చెప్పొద్దు. నా తల్లి ఎట్లాగూ పోయింది. నా బిడ్డ ఆగం కావొద్దు" అన్నాడు.

ఆ రోజు నుంచి అబద్ధాలే అబద్ధాలు. నానమ్మకియ్యి మమ్మీ అని పిల్ల రోజూ అడిగేది. నిద్రపోయిందని ఒకరోజు, చిలుకూరు చుట్టాలింటికి పోయిందని ఒకరోజు, చెవుడు ఎక్కువైంది, ఫోన్లో వినపడదని ఇంకోరోజు. వారం గడిచాక పిల్ల తనంతట తానే అడగడం మానేసింది. హమ్మయ్య, చదువులో పడింది అనుకుంది మంజుల. డిసెంబరు మొదటి ఆదివారం మాత్రం ఉన్నట్టుండి ఒక మాట అడిగింది.

"ఈసారి స్టార్ కడతరా, మమ్మీ?"

కట్టకపోతే ఎట్లా, తప్పకుండా కడతామంది మంజుల. సరే అని పిల్ల ఫోన్ పెట్టేసింది.

ఇంకొక సంగతి ఉంది. అది సాంసన్‌కు కూడా తెలియదు. ఉప్పలమ్మ పోయే ముందురోజు సాయంత్రం మంజుల చెయ్యి పట్టుకుని, బిడ్డకు ఫోన్ కలుపు, ఒక్క మాట చెప్పాలంది. మర్నాడు పిల్లకు జర్మన్ భాష పరీక్ష. ముసలామె ఆ ఎగశ్వాసతో మాట్లాడితే పిల్ల బెదిరిపోతుందని, రేపు కలుపుతాలే అత్తమ్మా అంది మంజుల. ఉప్పలమ్మ మరి బతిమాలలేదు, గోడ వైపు తిరిగి పడుకుంది. తెల్లవారేసరికి లేదు. ఆ వెనక్కి తిరిగిన వీపు మంజులకు ఇప్పటికీ కళ్లు మూస్తే కనిపిస్తుంది.

మధ్యాహ్నం మూడున్నరకు ఆటో ఆగింది. మిర్యాలగూడ నుంచి ఆడబిడ్డ గోపమ్మ దిగింది. తల్లి పోయాక వచ్చిన మొదటి పండుగ కాబట్టి సమాధి దగ్గర పెట్టడానికి చామంతి దండ, కొవ్వొత్తుల ప్యాకెట్టు తెచ్చుకుంది. గేటు తీయబోతూ తలెత్తి చూసింది. సంచి చేతిలోంచి జారింది.

"మా అమ్మ మీది మట్టి ఇంకా ఆరలే. ఎవరిని పిలుద్దామని కట్టినవ్ ఈ స్టార్?"

మంజుల ఆమెను లోపలికి తీసుకెళ్లి, మంచినీళ్లిచ్చి, జరిగిందంతా చెప్పింది. పిల్ల అడిగింది వదినె, లేదంటే అనుమానపడుతుంది, నాలుగింటికి వీడియో ఫోన్ వస్తుంది, అది అయిపోగానే నేనే తీసేస్తానంది. గోపమ్మ నీళ్లు ముట్టలేదు.

"పిల్ల పరీక్షలకు అడ్డమని మా అమ్మ సచ్చిపోలేదంటున్నవ్. మీ ఇంట్ల ఆమె బతికినన్నొద్దులు సాకిరి జేసింది. సచ్చినంక సచ్చినట్టు కూడ లెక్క లేదా మంజులా?"

గోపమ్మ విసురుగా వరండాలోకి వచ్చి స్టూలు లాగింది. మంజుల ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ ఆ స్టూలు దగ్గర పెనుగులాడుతుంటే, ఎదురింటివాళ్లు చూడనట్టు లోపలికి వెళ్లిపోయారు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

మంజుల కొంగుతో ముఖం తుడుచుకుని, నెత్తి మీద స్టార్ కనపడేలా నిలబడి ఫోన్ ఎత్తింది. గోపమ్మ గోడ పక్కకు జరిగి కూలబడింది.

సువార్త ముఖం పీక్కుపోయి ఉంది. వెనక కిటికీలో పట్టపగలే మసక. హాస్టల్లో అందరూ ఇళ్లకు పోయారట, ఆ అంతస్తు మొత్తానికి తనొక్కతే మిగిలిందట. ఈ సాయంత్రం నుంచి రెండున్నర రోజులు దుకాణాలన్నీ బంద్ కాబట్టి బ్రెడ్డు, గుడ్లు, పాలు తెచ్చి పెట్టుకుందట. పోయిన ఆదివారం చర్చికి వెళ్తే అందరూ కూర్చుని మెల్లగా పాడారట, డప్పు లేదు, కంజీర లేదు, ఒక్క ముక్క అర్థం కాలేదట. నాలుగింటికే చీకటి పడిపోతుందని, ఆ చీకట్లో తిరిగి రావడమే కష్టమని చెప్పింది.

"స్టార్ కనపడుతుందా బిడ్డా?" అంది మంజుల, ఆత్రంగా.

"కనపడుతుంది."

మంజులే మళ్లీ అందుకుంది. నువ్వు కట్టలేదా, నానమ్మ బద్దలు ఇచ్చింది కదా అని అడిగింది. ప్రయాణం రోజు ఉప్పలమ్మ సన్నగా చీల్చిన వెదురు బద్దలను ఎర్రదారంతో కట్టి, బరువెక్కువవుతుందని కొడుకు అరుస్తున్నా వినకుండా సూట్‌కేసులో కుక్కింది.

సువార్త ఫోన్‌ను బల్ల వైపు తిప్పింది. బద్దలు అక్కడే ఉన్నాయి. ఎర్రదారం ముడి విప్పలేదు.

"కట్టలేదు మమ్మీ. చావైన ఇంట్ల స్టార్ కట్టరు గదా."

ఎవరు చెప్పారని అడిగింది మంజుల. మట్టి చేసిన రోజే తెలుసట. గోపమ్మ కొడుకు కృపాకర్, నానమ్మ ఉన్న శవపెట్టె ఫోటోను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి, పది నిమిషాల్లో తీసేశాడట. ఆ పది నిమిషాల్లోనే చూసిందట.

"మరి రోజూ నానమ్మకియ్యి అని ఎందుకు అడిగినవే?"

"మీరు చెప్తరేమోనని అడిగిన. వారం చూసిన. స్టార్ కడతరా అని కూడా అందుకే అడిగిన మమ్మీ. అప్పుడన్నా చెప్తవనుకున్న. కడతం అన్నవ్. ఇగ ఏం అడగాలె?"

ముప్పై ఆరు రోజులు. ఏడుస్తున్న పిల్లకు ఒక మనిషి తోడు లేకుండా, తల్లే ఆ ఏడుపు దాచుకునేలా చేసింది. పిల్లను కాపాడుతున్నాననుకుని ఎంత పని చేశానని మంజుల అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయింది. దాచినంత కాలం దాచింది చాలు అనిపించింది. గోపమ్మ వింటున్నదని తెలిసీ, అంతా చెప్పేసింది. ఉప్పలమ్మ చెయ్యి పట్టుకోవడం, ఒక్క మాట అనడం, పరీక్ష ఉందని రేపు కలుపుతానని తాననడం, ఆమె గోడ వైపు తిరగడం. ఏదీ మిగల్చలేదు.

గోడ పక్కన గోపమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఫోన్లో పిల్ల అంది.

"ఆ పరీక్షల నాకు మస్తు మార్కులొచ్చినయ్, మమ్మీ."

అని, అప్పుడు ఏడ్చింది. నోరు తెరుచుకుని, చిన్నపిల్లప్పుడు ఏడ్చినట్టు ఏడ్చింది. మంజుల ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది గానీ దాన్ని ఎక్కడని నిమురుతుంది? తప్పు చేసిన బిడ్డా, తప్పు చేసిన అంటూనే ఉంది. గోపమ్మ లేచి వచ్చి ఫోన్ ముందు ముఖం పెట్టింది. నేనున్న బిడ్డా, మీ అత్తనున్న అంది. తర్వాత మంజుల భుజం మీద చెయ్యి వేసి, ఇగ లే అంది మెల్లగా.

"ఫోన్ పెట్టకు మమ్మీ" అంది సువార్త.

"పెట్టను."

గోపమ్మ స్టూలెక్కింది. మంజుల ఒక చేత్తో ఫోన్, ఒక చేత్తో ఆమె కాళ్లు పట్టుకుంది. స్టార్ కిందికి దిగింది. అదే సమయానికి వీధి చివర లారీ ఆపి నడిచొస్తున్న సాంసన్ గేటు దగ్గర ఆగిపోయాడు. అక్క ముఖం, పెళ్లాం ముఖం, ఫోన్లో కూతురి ముఖం చూశాక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. అతను చామంతి దండ ఉన్న సంచి ఎత్తి చేతికి తగిలించుకున్నాడు.

ముగ్గురూ సమాధుల దొడ్డికి నడిచారు. ఉప్పలమ్మ మీద ఇంకా సిమెంటు కట్టలేదు, ఎర్రమట్టి కుప్ప, చెక్క సిలువ మాత్రమే. గోపమ్మ దండ వేసింది. సాంసన్ కొవ్వొత్తి ముట్టించి, గాలికి ఆరకుండా చేతులు అడ్డం పెట్టాడు. మంజుల మోకాళ్ల మీద కూర్చుని, ఫోన్‌ను మట్టికి దగ్గరగా పట్టుకుంది.

"నానమ్మా, నేను" అంది సువార్త. "ఒక్క మాట చెప్తా అన్నవంట. చెప్పు. వింటున్న."

పిల్ల వింటూనే ఉంది. మంజుల చెయ్యి తిమ్మిరెక్కింది, అయినా ఫోన్ దించలేదు.