ఉడత తుంచిన ఆకులు

బడి బస్సు హారన్ రెండోసారి మోగేసరికి ఉడత ఇంకా మేడ మీదే ఉంది. ఒక చేతిలో నీళ్ళ మగ్గు, ఇంకో చేతిలో గాజు గొట్టం. ఒక్కచోట నిలవదని ఇంట్లో ఆమెను ఉడత అనే పిలుస్తారు. ఆరో తరగతి చదువుతోంది.

మేడ మీద పన్నెండు టమాటా మొక్కలున్నాయి. మట్టిలో కాదు, కొబ్బరి పొట్టు నింపిన సంచుల్లో. అవి అక్కవి. అక్క తోటపని కోర్సు చదువుతోంది. విత్తనం నుంచి కాయ దాకా పెంచి చూపిస్తేనే పాసవుతుంది. పది రోజుల ట్రైనింగుకని హాస్టల్‌కు వెళ్తూ మొక్కల్ని చెల్లెలికి అప్పజెప్పింది.

కొబ్బరి పొట్టులో సొంత సారం ఉండదని, నీళ్ళలో కలిపి ఇచ్చిందే మొక్కకు తిండని అక్క చెప్పింది. ఆ నీళ్ళకు కాస్త పులుపు కూడా ఉండాలట. దాన్ని కొలిచేదే పీహెచ్. గొట్టంలో కాసిని నీళ్ళు పట్టి రంగు చుక్కలు వెయ్యాలి. పసుపు రంగు తిరిగితే సరే. నీలంగా ఉంటే అమ్మను పిలిచి ఆమ్లం కలిపించాలి.

అమ్మకు ఆ సీసా అంటేనే హడల్. మీద పడితే చర్మం ఊడుతుందని, కళ్ళలో పడితే చూపు పోతుందని భయం. గ్లవ్స్ వేసుకుని చుక్కా చుక్కా పొయ్యడానికి పావుగంట పట్టేది. పోస్తున్నంతసేపూ ఒకటే మాట. "వీటికేమన్నా అయిందంటే మీ అక్క చదువు అటకెక్కినట్టేనే."

మూడోసారి హారన్ మోగింది. గొట్టంలో నీళ్ళు నీలంగా ఉన్నాయి. ఒక్క రోజుకు ఏమవుతుందిలే అనుకుని ఉడత ఆ నీళ్ళే పోసేసి పరుగెత్తింది.

ఏమీ కాలేదు. అందుకని మర్నాడూ అంతే చేసింది. ఆ తర్వాత గొట్టమే బయటికి తియ్యలేదు.

ఆరో రోజున కొసల్లో లేతాకులు పసుపెక్కి కనిపించాయి. ఈనెలు మాత్రం పచ్చగా, వల పరిచినట్టు ఉన్నాయి. మెట్ల మీద అమ్మ అడుగులు వినిపించాయి. ఉడత గబుక్కున ఆ ఆకులు తుంచి జేబులో కుక్కుకుంది.

సాయంత్రం అక్క ఫోన్ చేసి ఆకులెలా ఉన్నాయని అడిగింది.

"పచ్చగా ఉన్నాయక్కా."

అబద్ధం కాదని తనకు తనే చెప్పుకుంది. మొక్క మీద మిగిలినవి పచ్చగానే ఉన్నాయి మరి. ఆ తర్వాత రోజూ పొద్దున తుంచడం, సాయంత్రం అదే జవాబు చెప్పడం.

అక్క తిరిగొచ్చి మొక్కల్ని చూసి నిలబడిపోయింది. ఎదుగూ బొదుగూ లేవు. పసుపాకు ఒక్కటీ లేదు. నీళ్ళ పులుపు చెల్లెలు రోజూ చూసిందనే నమ్మి, తిండి చాలలేదేమో అనుకుని ఎరువు రెట్టింపు చేసింది. ఉడత పక్కనే ఉంది. నాలుక చివరిదాకా వచ్చిన మాట మింగేసింది. నాలుగు రోజుల్లో ఆకుల అంచులు మాడిపోయాయి. మొక్కలు తలలు వేలేశాయి.

ముగ్గురూ ఒక సంచిని ఎత్తుకుని మొక్కల నర్సరీ నడిపే తాత దగ్గరికి వెళ్ళారు. పసుపాకులు ముందు కింద వచ్చాయా, పైన వచ్చాయా అని ఆయన అడిగాడు. కింద వస్తే ఒక లోటు, పైన వస్తే ఇంకో లోటట. అసలు రానేలేదని, చిన్నది కళ్ళలో వత్తులు వేసుకుని చూసుకుందని అమ్మ చెప్పింది.

తాత బొటనవేలు కాండం వెంబడి పైకి పాకింది. కొస దగ్గర ఆగింది.

"ఈ గాట్లేంటమ్మా? పురుగైతే కొరుకుతుంది, ఇలా తుంచదే."

ఉడత ఏడుస్తూ అన్నీ చెప్పేసింది.

తాత తిట్టలేదు. మొక్కకు ఇనుము అందలేదన్నాడు. "కంచం నిండా అన్నం పెట్టి మూతికి గుడ్డ కట్టినట్టయింది. పులుపు తగ్గాక తిండి పక్కనే ఉన్నా తినలేదు. ఆ పైన ఎరువు కుమ్మరించారు. ఆ ఆకులే ఉంటే వచ్చిన రోజే మీ అక్క పోల్చుకునేది."

ఇంటికొచ్చాక, నన్ను పిలవచ్చు కదే అని అమ్మ అడిగింది. "పిలిస్తే నువ్వు భయపడతావుగా," అంది ఉడత. అటక మాట మళ్ళీ ఆ ఇంట్లో వినిపించలేదు.

పులుపు సరిచేసిన నీళ్ళతో సంచులన్నీ కడిగారు. అయినా తొమ్మిది మొక్కలు చచ్చిపోయాయి. మిగిలిన మూడూ సరిపోవని, వచ్చే ఏడు మళ్ళీ మొదలుపెట్టమని కాలేజీలో చెప్పారు.

అక్క ఒకే ఒక్క మాట అంది. "మొక్కలు పోయినందుకు కాదే. నేను రోజూ ఫోన్ చేశాను."

మూడు వారాలు గడిచాయి. అక్క అవసరమైతే తప్ప ఉడతతో మాట్లాడడం లేదు. ఒక పొద్దున రెండో మొక్కకు పైన ఒక లేతాకు పసుపుగా కనిపించింది. ఉడత చెయ్యి దానంతట అదే ముందుకు వెళ్ళింది. ఆగింది. జడ రిబ్బన్ నుంచి ఎర్ర దారం లాగి ఆ ఆకు తొడిమకు వదులుగా కట్టింది. కింద బస్సు హారన్ మోగింది.

"అక్కా, ఒకసారి పైకి రా."

అక్క వచ్చింది. దారాన్ని చూసింది. "ఎప్పటి నుంచి?"

"ఇప్పుడే చూశాను. నిన్న లేదు."

అక్క వంగి, బొటనవేలితో కాండాన్ని అడుగు నుంచి కొస దాకా తడిమింది. ఆ వేలు దేనికోసం వెతుకుతోందో ఉడతకు తెలుసు. హారన్ మళ్ళీ మోగింది. ఉడత కదల్లేదు. గొట్టంలో నీళ్ళు పట్టి, అక్క చూసేదాకా పట్టుకుని నిలబడింది.